కనెక్ట్ అని వచ్చాక అర నిమిషానికే లైన్ కట్: లినక్స్ డయలప్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) పీసీ, దూరంగా కొండల దగ్గర పంప్ హౌస్‌లో ఇంకో డెబియన్ పీసీ. అక్కడ ఏ కంపెనీ మొబైల్ సిగ్నలూ రాదు, పాత ల్యాండ్‌లైన్ మాత్రం ఉంది. రోజుకోసారి ఆఫీసు నుంచి డయల్ చేసి మీటర్ రీడింగుల ఫైలు తెచ్చుకోవాలి. రెండు వైపులా 56కే ఎక్స్‌టర్నల్ మోడెములే. మొదట్లో నో డయల్‌టోన్ అని వచ్చేది, ఎవరో చెప్తే మోడెముకి ఏటీఎక్స్3 అనే కమాండు పెట్టారు, అది పోయింది. ఇప్పుడు డయల్ అవుతోంది, ఈలలు వినిపిస్తున్నాయి, కనెక్ట్ 31200 అని కూడా పడుతోంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అర నిమిషానికి లాగ్‌లో "ఎల్‌సీపీ: టైమవుట్ సెండింగ్ కాన్ఫిగ్ రిక్వెస్ట్స్" అని వచ్చి లైన్ కట్ అవుతోంది. ఒక్కోసారి "సీరియల్ లైన్ ఈజ్ లూప్డ్ బ్యాక్" అని వస్తోంది. మోడెమ్ మార్చాలా, 56కే మోడెముకి 31 వేలే ఎందుకు వస్తోంది అని అడిగారు.

మోడెమ్ మార్చకండి. రెండు మోడెములూ, మధ్యలో ఉన్న లైనూ బాగానే ఉన్నాయి. పంప్ హౌస్ పీసీలో పీపీపీడీ (ఫోన్ లైను మీద రెండు పీసీల మధ్య నెట్‌వర్కు కలిపే పీపీపీ పద్ధతిని నడిపే ప్రోగ్రాం) మొదలవ్వట్లేదు, అంతే. మీ పీసీ పీపీపీ భాషలో పలకరిస్తోంది, అవతలిది లాగిన్ పేరు చెప్పమని కూర్చుంది. సరిచేయాల్సింది ఆ పీసీలో ఎమ్‌గెట్టీ (మోడెముకొచ్చిన ఫోన్ ఎత్తే ప్రోగ్రాం) వాడే లాగిన్ డాట్ కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను. అదెలాగో కింద చెప్తాను. స్పీడు సంగతి కూడా లోపమేమీ కాదు, దాని కారణం వేరే.

(కమాండ్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో కొట్టండి. ఏటీ కమాండ్లు మాత్రం పెద్దక్షరాల్లో కొట్టండి.)

ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నానంటే

డయలప్‌లో నాలుగు మెట్లు ఉంటాయి. పీసీ తన మోడెముతో మాట్లాడాలి. మోడెమ్ ఫోన్ లైను పట్టుకుని డయల్ చేయాలి. రెండు మోడెములు ఒకదాన్నొకటి గుర్తుపట్టి స్పీడు ఒప్పుకోవాలి. ఆ పైన పీపీపీ నడవాలి. కనెక్ట్ అన్న మాట మోడెమ్ చెప్పిందంటే మొదటి మూడు మెట్లూ దాటేసినట్టే. అది పడ్డాక కూడా కేబుల్ మార్చడం, మోడెమ్ మార్చడం, ఏటీ కమాండ్లు గెలకడం చాలామంది చేస్తారు. దాంతో బాగున్నది కూడా పాడవుతుంది.

ఇక ఆ అర నిమిషం. పీపీపీడీ మొదలవ్వగానే అవతలికి ఎల్‌సీపీ (పీపీపీలో మొదటి పలకరింపు) కాన్ఫిగ్ రిక్వెస్ట్ పంపుతుంది. జవాబు లేకపోతే 3 సెకన్లు ఆగి మళ్లీ పంపుతుంది. మీరు మార్చకపోతే అలా 10 సార్లు ప్రయత్నించి వదిలేస్తుంది. పది మూళ్లు ముప్పై. లైను పాడై కట్ అయ్యేదైతే ఒకసారి ఐదు సెకన్లకి, ఒకసారి నాలుగు నిమిషాలకి పోతుంది. ప్రతిసారీ గడియారం చూసుకున్నట్టు 30 సెకన్లకే పోతోందంటే తెంపుతున్నది లైను కాదు, మీ పీసీలోని పీపీపీడీయే.

లూప్డ్ బ్యాక్ అన్న మాట అసలు గుట్టు విప్పేసింది. పీపీపీడీ పంపే ప్రతి పలకరింపులో మ్యాజిక్ నంబర్ అని ఒకటి ఉంటుంది. తను పంపిన నంబరే తనకి తిరిగొస్తే "ఇదేదో నా గొంతే నాకు వినిపిస్తోంది" అని అది గ్రహిస్తుంది. అవతల లాగిన్ అడిగే ప్రోగ్రాం మనం కొట్టిన అక్షరాల్ని తిరిగి తెరమీద చూపిస్తుంది కదా, మీ పీపీపీ ప్యాకెట్లని కూడా అది అలాగే తిప్పి పంపుతోంది. కాబట్టి అవతల పీసీ బతికే ఉంది, మోడెమ్ ఎత్తింది, ఎమ్‌గెట్టీ కూడా పనిచేస్తోంది. పీపీపీకి అప్పగించడం ఒక్కటే జరగట్లేదు.

పంప్ హౌస్ పీసీలో చేయాల్సింది

ఈటీసీ కింద ఎమ్‌గెట్టీ ఫోల్డర్లో లాగిన్ డాట్ కాన్ఫిగ్ ఫైలు తెరవండి. అందులో స్లాష్ ఆటోపీపీపీ స్లాష్ అని మొదలయ్యే లైను ఒకటి ఉంటుంది, ముందు హ్యాష్ గుర్తుతో. ప్యాకేజీతో వచ్చేటప్పుడే దాన్ని అలా మూసి ఇస్తారు. ఆ హ్యాష్ తీసేయండి. ఆటోపీపీపీ అన్న పేరులో ఏ, మూడు పీలు పెద్దక్షరాలు. దాన్ని మార్చకూడదు, అటూ ఇటూ ఉన్న స్లాషులతో సహా అలాగే ఉండాలి. ఎమ్‌గెట్టీకి అవతల్నుంచి పీపీపీ ప్యాకెట్ కనిపించగానే ఈ లైను చూసి పీపీపీడీని లేపుతుంది.

ఆ లైను చివర్లో పాత పద్ధతి ఆప్షన్లు ఉంటాయి: మైనస్ చాప్, ప్లస్ పాప్, లాగిన్ అని. నేనైతే ఆ మూడూ తీసేసి రిక్వయర్ హైఫన్ చాప్ అని పెడతాను. పాప్, చాప్ రెండూ పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతులు; పాప్‌లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టే లైన్లో వెళ్తుంది, చాప్‌లో వెళ్లదు. తర్వాత రెండు పీసీల్లోనూ ఈటీసీ పీపీపీ ఫోల్డర్లోని చాప్ హైఫన్ సీక్రెట్స్ ఫైల్లో ఒకే లైను రాయండి: డయల్ చేసేవాడి పేరు, సర్వర్ పేరు లేదా స్టార్ గుర్తు (*), పాస్‌వర్డ్, మళ్లీ స్టార్. ఆ ఫైలు రూట్‌కి తప్ప ఇంకెవరికీ కనిపించకుండా పర్మిషన్ 600 పెట్టండి. ఆఫీసు పీసీలో పీర్స్ ఫైల్లో (ఈటీసీ పీపీపీ కింద పీర్స్ ఫోల్డర్లో ఉండే మీ కనెక్షన్ ఫైలు) యూజర్ ఆప్షన్ ఎదురుగా ఆ పేరే ఉండాలి. ఇక్కడ అక్షరం తేడా వచ్చినా పీపీపీడీ 19 అనే కోడుతో బయటికొస్తుంది. 19 అంటే మన పేరూ పాస్‌వర్డూ అవతలివాళ్లు ఒప్పుకోలేదని.

ఐపీ అడ్రసులు ఇవ్వడం మర్చిపోతుంటారు. పంప్ హౌస్ వైపు ఈటీసీ పీపీపీలో ఆప్షన్స్ డాట్ టీటీవైఎస్0 (టీటీవైఎస్0 అంటే మొదటి సీరియల్ పోర్టు, ఇందులో ఎస్ పెద్దక్షరం) అని ఒక ఫైలు పెట్టి, అందులో 192.168.77.1:192.168.77.2 లాగా రెండు అడ్రసులు కోలన్‌తో రాయండి. మొదటిది తనది, రెండోది డయల్ చేసినవాడికి ఇచ్చేది. మీ ఆఫీసు నెట్‌వర్కులో వాడని వరస ఎంచుకోండి.

ఇదే ఫైల్లో ఇంకో రెండు: ఎల్‌సీపీ ఎకో ఇంటర్వల్ 30, ఎల్‌సీపీ ఎకో ఫెయిల్యూర్ 4. ఇవి లేకుండా మనిషి లేని చోట మోడెమ్ పెట్టొద్దు. మధ్యలో మీ వైపు కరెంటు పోయిందనుకోండి, అవతలి మోడెమ్ లైను వదలకుండా పట్టుకుని కూర్చునే ప్రమాదం ఉంది. అలా కూర్చుంటే ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్. ఎవరో బండేసుకుని వెళ్లి స్విచ్ ఆపి వేయాల్సిందే. ఈ రెండు ఆప్షన్లూ ఉంటే అర నిమిషానికోసారి "ఉన్నావా" అని అడుగుతుంది, నాలుగుసార్లు జవాబు లేకపోతే తనే ఫోన్ పెట్టేస్తుంది.

చేసే ముందు చేత్తో ఒకసారి పరీక్షించండి

నేనెప్పుడూ పీపీపీడీ దాకా వెళ్లేముందు మినీకామ్‌తో (మోడెముతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం) డయల్ చేసి చూస్తాను. మినీకామ్‌లో ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని రావాలి. తర్వాత ఏటీడీటీ, వెనకే నంబరు. కనెక్ట్ అని పడ్డాక ఒకట్రెండుసార్లు ఎంటర్ కొట్టండి. ఏం కనిపిస్తోందో చూడండి.

లాగిన్ అని శుభ్రంగా వస్తే లైను బంగారం. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, అక్కడ సుడోతో పీపీపీడీ నడపండి. తెర మీద టిల్డా గుర్తు, దాని వెనకాల మూసిన కర్లీ బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు, మధ్యమధ్యలో పిచ్చి అక్షరాలు కొన్ని సెకన్లకోసారి వరసగా పడతాయి. కొత్తవాళ్లు దీన్ని చూసి లైన్ పాడైందని కంగారు పడతారు. అదే పీపీపీ పలకరింపు. అది కనిపిస్తే అవతలి పీపీపీడీలో తప్పులేదు, పైన చెప్పిన ఆటోపీపీపీ లైనే మిగిలింది.

లాగిన్ బదులు అడ్డదిడ్డం అక్షరాలు ఆగకుండా వస్తుంటే కథ వేరు. అప్పుడు అవతల పీసీకీ మోడెముకీ మధ్య స్పీడు కుదరలేదు, లేదా ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని చెప్పుకునే ఏర్పాటు) లేదు, లేదా లైన్లో రొద ఉంది. మీ కేసులో ఇది కాదనే నా నమ్మకం.

పాత గైడ్లలో చాట్ స్క్రిప్టులో (మోడెముతో డయల్ చేయించే చిన్న స్క్రిప్టు) లాగిన్ పేరూ పాస్‌వర్డూ పంపమని ఉంటుంది. మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టాక చాలామంది షెల్ అకౌంట్లు తీసుకున్నారు. కనెక్ట్ అవ్వగానే లాగిన్ అడిగేది, లోపలంతా అక్షరాలే, బొమ్మలు లేవు. ఆ స్క్రిప్టులు ఆ కాలపువి. ఆటోపీపీపీ పెట్టుకున్నాక చాట్ స్క్రిప్టు కనెక్ట్ అన్న మాట దగ్గరే ఆగిపోవాలి. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా పంపొద్దు.

సిస్టమ్‌డీ వచ్చాక తగిలే రెండు దెబ్బలు

ఎమ్‌గెట్టీ గురించి నెట్‌లో దొరికే గైడ్లలో చాలావరకు ఇనిట్‌ట్యాబ్‌లో (పీసీ లేవగానే ఏవి నడపాలో చెప్పే పాత ఫైలు) లైను రాయమంటాయి. ఇప్పటి డెబియన్‌లో ఇనిట్‌ట్యాబ్‌ని ఎవరూ చదవరు. ఆ పని ఇప్పుడు సిస్టమ్‌డీది, దానికి యూనిట్ ఫైలు రాయాలి: ఎగ్జిక్‌స్టార్ట్‌లో (ఈ, ఎస్ పెద్దక్షరాలు) ఎస్‌బిన్ ఎమ్‌గెట్టీ, పోర్టు పేరు, రీస్టార్ట్ ఆల్వేస్. మీది ఇప్పుడు ఎలాగో నడుస్తోంది కాబట్టి ఈ పని ఎవరో చేసే ఉంటారు. పీసీ ఒకసారి రీబూట్ చేసి, తర్వాత కూడా ఫోన్ ఎత్తుతోందో లేదో చూసుకోండి. చేత్తో నడిపి వదిలేసినదైతే కరెంటు పోయి వచ్చిన రోజున బయటపడుతుంది.

రెండోది సీరియల్ గెట్టీ (పోర్టు మీద లాగిన్ అడిగే ప్రోగ్రాం). కెర్నల్ కమాండ్ లైన్లో కన్సోల్ ఈక్వల్ టీటీవైఎస్0 అని ఎవరైనా పెట్టి ఉంటే, సిస్టమ్‌డీ ఆ పోర్టు మీద తన సొంత గెట్టీని లేపుతుంది. అది మోడెముకి లాగిన్ అని పంపుతుంది, మోడెమ్ దాన్ని తిరిగి ఎకో చేస్తుంది, గెట్టీ దాన్నే యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ పోట్లాడుకుంటూ ఉంటాయి, మధ్యలో ఎమ్‌గెట్టీకి పోర్టు దొరకదు. సిస్టమ్‌సీటీఎల్ మాస్క్‌తో దాన్ని మూసేసి, ఆ కన్సోల్ మాట కూడా తీసేయండి.

ఆఫీసు పీసీలో యూఎస్‌బీ కన్వర్టర్ వాడుతుంటే మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు నడుస్తోందేమో చూడండి. డెస్క్‌టాప్ ఇన్‌స్టాల్ చేస్తే అది వెంట వస్తుంది. 4జీ డాంగిల్స్ కోసం పెట్టినది. కొన్ని పోర్టుల్ని తనే తెరిచి ఏటీ కమాండ్లు పంపి పరీక్షిస్తుంది. మీరు డయల్ చేస్తున్నప్పుడే అది వేలు పెడితే "పోర్ట్ బిజీ" అనో, సగం కమాండుకే ఎర్రర్ అనో వస్తుంది. మీకు డాంగిల్ లేదు కాబట్టి తీసేయడమే మంచిది. పర్మిషన్ ఎర్రర్ వస్తే యూజర్‌ని డయల్‌అవుట్, డిప్ అనే రెండు గ్రూపుల్లో చేర్చండి. మొదటిది పోర్టుకి, రెండోది పీపీపీడీ నడపడానికి. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ రావాలి.

కన్వర్టర్ అన్నాను కాబట్టి ఒక మాట. చవక కేబుళ్లు కొన్నిట్లో పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండ్ మాత్రమే ఉంటాయి. ఫ్లో కంట్రోల్‌కి వాడే ఆర్‌టీఎస్, సీటీఎస్ తీగలు ఉండవు. పీపీపీడీకి సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆప్షన్ ఇస్తే అది సీటీఎస్ కోసం ఎదురుచూస్తూ ఒక్క బైటు కూడా పంపదు. ఫ్లో కంట్రోల్ లేకుండా నడిపితే చిన్న ఫైళ్లు వెళ్తాయి, పెద్దవి మధ్యలో చెడతాయి. కొనేటప్పుడే తొమ్మిది పిన్నులూ కలిపినది అడిగి కొనండి.

నో డయల్‌టోన్ పోయింది గానీ, ఎందుకొచ్చిందో తెలుసుకోవాలి

మీ ఆఫీసు లైను ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి చిన్న ఎక్స్ఛేంజి) ద్వారా వస్తోందని రాశారు. అందుకే వచ్చింది. మన ఎక్స్ఛేంజి డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ మాడ్యులేషన్. అమెరికాలో 350, 440 రెండూ కలిపి వస్తాయి. అమెరికా సెట్టింగుతో ఉన్న మోడెముకి మన టోన్ టోనులా అనిపించకపోవచ్చు, ఈపీఏబీఎక్స్ లోపలి టోన్ అయితే ఇంకా తేడాగా ఉంటుంది. ఏటీఎక్స్3 అంటే "టోన్ కోసం చూడకు, నేరుగా డయల్ చేసెయ్, ఎంగేజ్ వస్తే మాత్రం చెప్పు" అని. కోనెక్సెంట్ చిప్ ఉన్న మోడెముల్లో దేశం సెట్టింగు మార్చడానికి ఏటీ+జీసీఐ ఈక్వల్ 53 కూడా ఉంది, 53 ఇండియా కోడు. ఏటీఎక్స్3తో పనవుతుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

బయటి లైనుకి 0 నొక్కుతారు కదా, 0 తర్వాత కామా పెట్టండి. కామా అంటే 2 సెకన్ల ఆగుడు. పాత ఈపీఏబీఎక్స్ అయితే రెండు కామాలు. చాట్ స్క్రిప్టు అబార్ట్ వరసలో నో డయల్‌టోన్‌ని రెండు రకాలుగా రాయండి, డయల్‌కీ టోన్‌కీ మధ్య ఖాళీ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. మోడెముని బట్టి మారుతుంది. చాట్ టైమవుట్ మీరేమీ చెప్పకపోతే 45 సెకన్లు. ఈపీఏబీఎక్స్, ఎస్‌టీడీ, రెండు మూడు రింగులు, ఆపైన ఈలల తతంగం అన్నీ కలిస్తే అది చాలకపోవచ్చు. 90 పెట్టుకోండి.

వీలైతే మోడెముకి నేరు లైను అడగండి. ఈపీఏబీఎక్స్‌లో కాల్ టైము పరిమితి పెట్టే సౌకర్యం ఉంటుంది, ఎవరో ఐదు నిమిషాలని పెట్టి మర్చిపోతారు, మీరు మోడెముని అనుమానిస్తూ ఉంటారు. డిజిటల్ ఎక్స్‌టెన్షన్ సాకెట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మోడెమ్ గుచ్చొద్దు. మేనేజర్ టేబుల్ మీద బటన్లూ డిస్‌ప్లే ఉన్న ఫోన్ సాకెట్ అదే కావచ్చు. మామూలు సాకెట్‌లాగే కనిపిస్తుంది, మోడెమ్ కాలిపోయే అవకాశం ఉంది.

56కే మోడెముకి 31200 ఎందుకంటే

1998లో వచ్చిన వీ.90 అనే మోడెమ్ ప్రమాణం ప్రకారం 56కే రావాలంటే ఒక చివర డిజిటల్‌గా ఎక్స్ఛేంజికి కలిసి ఉండాలి. ఐఎస్‌పీల దగ్గర అలా ఉండేది. మీకు రెండు చివర్లా మామూలు ఫోన్ లైనులే. మామూలు మోడెమ్ నుంచి మామూలు మోడెముకి పాత ప్రమాణం వీ.34 వరకే, అంటే 33600 దాటదు. మీకు 31200 వస్తోందంటే మీ రాగి తీగలు చాలా బాగున్నాయి. రెండు వందల కిలోబైట్ల ఫైలు నిమిషంలో వచ్చేస్తుంది. రీడింగులు అక్షరాల ఫైలే కాబట్టి పంపేముందు జీజిప్ చేస్తే ఇంకా తొందరగా వస్తుంది.

ఇక్కడే కొందరు పీపీపీడీలో స్పీడు దగ్గర 31200 అని రాస్తారు. వద్దు. అక్కడ రాసేది పీసీకీ మోడెముకీ మధ్య స్పీడు, 115200 ఉంచండి. మోడెముల మధ్య స్పీడు అవే చూసుకుంటాయి.

వానాకాలంలో ఈ 31200 పడిపోతుంది. కేబుల్ జాయింట్లలోకి నీళ్లు దిగితే 24000, ఇంకా తగ్గి 14400 కూడా చూస్తారు. అలాంటప్పుడు స్పీడు కోసం కుస్తీ పడకుండా మోడెముని కావాలనే తక్కువ స్పీడులో కట్టేయడం మేలు. మీ పనికి 9600 కూడా ఎక్కువే. ఆగకుండా నడిచే 9600 ముందు, నిమిషానికోసారి తెగే 31200 ఎందుకూ పనికిరాదు. కమాండ్ మోడెముని బట్టి మారుతుంది, చాలావాటిలో ఏటీ+ఎంఎస్, యూఎస్ రోబోటిక్స్ వాటిలో ఏటీ&ఎన్. మీ మాన్యువల్ చూసుకోండి.

లైను మీద అనుమానం వస్తే

రోజెట్ బాక్స్ (గోడ మీద ఫోన్ వైరు కలిసే పెట్టె) మూత తీసి మల్టీమీటర్ డీసీలో పెట్టి చూడండి. ఫోన్ పెట్టి ఉన్నప్పుడు 48 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఎత్తితే పది వోల్టుల దరిదాపులకి పడిపోతుంది. పెట్టి ఉన్నప్పుడే ముప్పై వోల్టులు చూపిస్తుంటే ఎక్కడో లీకవుతోంది, లేదా ఇంకో ఫోన్ లైనుకి వేలాడుతోంది. తీగలు పట్టుకుని ఉండగా రింగ్ వస్తే గట్టిగానే కొడుతుంది, జాగ్రత్త. తర్వాత మామూలు ఫోన్ పెట్టి ఎత్తి, ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో గరగర వినిపిస్తే డీపీ బాక్సు (వీధిలో లైన్లు పంచే పెట్టె) దగ్గర జంపరో, డ్రాప్ వైరు జాయింటో చూడమని లైన్‌మన్‌ని పిలవండి. "నెట్ రావట్లేదు" అంటే ఆయన మోడెమ్ మీదకి తోసేస్తాడు. "ఫోన్లో గరగర వస్తోంది" అని చెప్పండి, పని అవుతుంది.

ఒక చోట ప్రతి మధ్యాహ్నం కనెక్షన్ పోయేది. ఇంజనీరుగారు మోడెమ్, కేబుల్, పీసీ అన్నీ మార్పించారు. నేను వెళ్లి లైను వెంట నడిచాను. సెక్యూరిటీ గదిలో అదే లైను మీద ప్యారలల్ ఫోన్ ఉంది, వాచ్‌మన్ భోజనం టైములో ఇంటికి చేయడానికి ఎత్తేవాడు, లోపల ఈల వినిపిస్తే పెట్టేసేవాడు. మోడెముకి ఆ ఒక్క క్షణం చాలు. కాల్ వెయిటింగ్ బీప్ కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని తీయించడం ఒక దారి. మోడెములోని ఎస్10 రిజిస్టరు పెంచడం ఇంకో దారి, అది సెకనులో పదో వంతుల్లో ఉంటుంది, 50 పెడితే క్యారియర్ (అవతలి మోడెమ్ సిగ్నల్) పోయినా 5 సెకన్లు ఓర్చుకుంటుంది.

పంప్ హౌస్ కాబట్టి ఇంకో రెండు. మోడెముని మోటార్ స్టార్టర్ ప్యానెల్ పక్కన పెట్టకండి, సీరియల్ కేబుల్ని మోటార్ కేబుళ్లతో కలిపి ఒకే గొట్టంలో లాగకండి. ఫోన్ లైనుకి సర్జ్ అరెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఇవ్వండి. కొండ మీద ఉరుములు మెరుపులంటే మోడెములకి యముడే. నేను చూసిన చచ్చిపోయిన మోడెముల్లో ఎక్కువ ఫోన్ లైను వైపు నుంచి కాలినవే, కరెంటు వైపు నుంచి కాదు.

మోడెమ్ అడాప్టరుని గీజర్లకి వాడే టైమర్ సాకెట్లో పెట్టి, రోజూ తెల్లవారుజామున ఐదు నిమిషాలు ఆగి మళ్లీ వచ్చేలా చేయండి. వేలాడిపోయిన మోడెమ్ తనంతట తనే లేస్తుంది. మోడెమ్ లేచాక ఎమ్‌గెట్టీని కూడా క్రాన్‌తో రీస్టార్ట్ చేయించండి. అవతలి మోడెములో ఎస్0 (ఎన్ని రింగులకి తనే ఎత్తాలో చెప్పే రిజిస్టరు) సున్నా ఉండాలి. ఫోన్ ఎత్తాల్సింది ఎమ్‌గెట్టీ, మోడెమ్ సొంతంగా ఎత్తకూడదు.

ముఖ్యమైన ప్రశ్న: ఆ ల్యాండ్‌లైన్ ఇంకా రాగి తీగేనా?

31200 వస్తోంది కాబట్టి ఇప్పటికి రాగే అయ్యుండాలి. కానీ ఎప్పుడో ఒకరోజు మీకు చెప్పకుండానే ఫైబర్‌కి మారుస్తారు. నంబరు అదే, ఫోన్ అదే, గొంతు ఇంకా బాగా వినిపిస్తుంది. ఫోన్ వైరు మాత్రం గోడలోంచి కాకుండా ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి కలిసే) డబ్బా వెనక నుంచి వస్తుంది. అందులో గొంతు చిన్న చిన్న ప్యాకెట్లయి వెళ్తుంది. మనిషి చెవికి ఒక ప్యాకెట్ పోయినా తెలియదు, మోడెముకి తెలుస్తుంది. జి.729 లాంటి కుదింపు ఉంటే కనెక్ట్ అనే మాటే రాదు. అంత కుదింపు లేని జి.711 అయితే, ఎకో క్యాన్సలేషన్ ఆపితే కొంత నడుస్తుంది, గ్యారంటీ లేదు. ఏళ్ల తరబడి నడిచిన ఒక సైటు సరిగ్గా ఇలాగే ఒక సోమవారం ఆగిపోయింది. అందరూ మోడెముని తిట్టారు.

అది జరిగిన రోజున ఏటీ కమాండ్లతో టైము వృథా చేయకండి. ఫైబర్ వచ్చిందంటే ఇంటర్నెట్ వచ్చినట్టే. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకుని మోడెముల్ని పక్కన పెట్టేయండి. నాకు డయలప్ అంటే ఇష్టమే గానీ, దారి ఉన్నప్పుడు దాన్నే పట్టుకుని వేలాడటం నాకు నచ్చదు.

లింక్ కలిశాక

ఆఫీసు పీసీకి మామూలు నెట్ ఉంటుంది కదా, పీర్స్ ఫైల్లో నోడిఫాల్ట్‌రూట్ పెట్టండి. లేకపోతే ఆఫీసు ట్రాఫిక్ అంతా ఈ 31 వేల సందులోంచి దూరాలని చూస్తుంది. డీఎన్‌ఎస్ కూడా అక్కర్లేదు. 192.168.77.1కి పింగ్ వెళ్తే చాలు. ఫైలు ఆర్‌సింక్‌తో తెచ్చుకోండి, మధ్యలో తెగినా పార్షియల్ ఆప్షన్ ఉంటే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. పని అయ్యాక పాఫ్ కమాండుతో లైను వదలండి, స్క్రిప్టులో మర్చిపోతే ఫోన్ బిల్లు గుర్తుచేస్తుంది.

మోడెమ్ చెడిపోయి కొత్తది కొనాల్సి వస్తే పీసీఐ స్లాట్లో పెట్టే చవక కార్డులు కొనకండి. వాటిలో చాలావరకు విన్‌మోడెములు. మోడెమ్ చేసే పనంతా విండోస్ డ్రైవరే చేస్తుంది, కార్డు మీద లైను కలిపే ముక్క తప్ప ఏమీ ఉండదు. కొన్నిటికి లినక్స్ డ్రైవర్లు ఉండేవి, ఒక కంపెనీ అయితే ఉచిత డ్రైవరుని 14.4కే దగ్గర ఆపేసి మిగతా స్పీడుకి డబ్బులు అడిగేది. ఇప్పటి కెర్నళ్లతో వాటి గొడవ అసలు వద్దు. సీరియల్ ఎక్స్‌టర్నల్ దొరక్కపోతే యూఎస్‌బీలో యూఎస్ రోబోటిక్స్ 5637 లాంటిది చూడండి. గుచ్చగానే టీటీవైఏసీఎం0 అని కనిపిస్తుంది, వేరే డ్రైవరు అక్కర్లేదు.

ముందు ఆటోపీపీపీ లైను మార్చి చూడండి. అయినా కాకపోతే పీర్స్ ఫైల్లో డీబగ్, నోడిటాచ్ అని రెండు చేర్చి పాన్ (డయల్ చేయించే కమాండు) నడిపి, తెర మీద పడిందంతా ఇక్కడ పెట్టండి, పాస్‌వర్డ్ చెరిపేసి. పంప్ హౌస్ పీసీలో వార్ లాగ్ కింద ఎమ్‌గెట్టీ ఫోల్డర్లో ఆ పోర్టు పేరుతో లాగ్ ఫైలు ఉంటుంది, దాని చివరి నలభై యాభై లైన్లు కూడా కావాలి. పీపీపీడీ ఎగ్జిట్ కోడ్ తప్పకుండా రాయండి: 8 అయితే చాట్ స్క్రిప్టు దగ్గరే ఆగింది, 10 అయితే ఇప్పటిలాగే పలకరింపుల దగ్గర, 16 అయితే మోడెమ్ లైను వదిలేసింది, 17 అయితే మళ్లీ ఆ లూప్ గొడవే. కోడ్ చూస్తే ఎటువైపు వెతకాలో తేలిపోతుంది.